మన జట్టులో మనోళ్లేరీ?

రూవీ, ఘలా గదుల్లో శుక్రవారం నలుగురం కూడితే సన్‌రైజర్స్ వేలం మీదే వాదన. 2024 నవంబరులో జెద్దాలో షమీకి 10 కోట్లు, ఇషాన్ కిషన్‌కు 11.25 కోట్లు పోశారు. మన హైదరాబాదీ సిరాజ్‌ను మాత్రం గుజరాత్ 12.25 కోట్లకు ఎగరేసుకుపోయింది. తిలక్ వర్మ 2022 నుంచే ముంబయికి ఆడుతున్నాడు.

'ఆట చూడాలి గానీ ఊరు చూస్తామా?' అంటారు కొందరు. నిజమే. కానీ విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డిని 2023 సీజన్‌కు 20 లక్షలకే తీసుకున్నారు. 2024లో వర్ధమాన ఆటగాడి అవార్డు కొట్టాడు, 6 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. అంటే ఇది ఊరి మీద మమకారం కాదు, లాభం లెక్కే. జిల్లాలు తిరిగి కుర్రాళ్లను ముందే పట్టుకుంటే వేలంలో కోట్లు కుమ్మరించే పని తగ్గుతుంది. 2025లో ఆరో స్థానంతో సరిపెట్టుకున్నాం. పగలంతా ఎండలో కష్టపడి, సాయంత్రం ఆరింటికి టీవీ ముందు చేరే మేం అడిగేది ఇంతే.