పీక మార్చవచ్చునట, పికప్పు మార్చరాదట!

ఆ మధ్య గుంటూరులో ఒక మిత్రుని ఇంట జరిగిన చిన్న గోష్ఠిలో ఆ ఇంటి కుర్రవాడు తన ఎలక్ట్రిక్ గిటారులోని పాత పికప్పులు తీసి కొత్తవి బిగించి, రెంటికీ గల తేడా వినిపించబోయాడు. సంగీతం తెలిసిన ఒక పెద్దాయన వారించి, "చేతిలో నాదం లేనివాడికి తీగచుట్టలెందుకు నాయనా? అది కరెంటు మోత, సంగీతం కాదు" అన్నారు. కుర్రవాడు మారుమాటాడక గిటారును గోడకు ఆనించాడు. ఆనాడు నేనూ నోరు మెదపలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకొంటున్నాను.

అసలు పికప్పు అంటే ఏమిటి? అయస్కాంతం చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టిన పరికరం. దాని ముందు ఉక్కు తంత్రి కంపిస్తే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. తనంత తానుగా అది ఒక్క స్వరమూ పలకదు. వాదకుని వేలు తంత్రిపై వ్రాసినదానినే చదివి వినిపిస్తుంది. అయితే చదివే తీరులో భేదాలున్నాయి. చుట్లు పెరిగితే ధ్వని బలం పెరుగుతుంది, పైస్థాయిలోని మెరుపు తగ్గుతుంది. అయస్కాంతం మరీ దగ్గరైతే తంత్రిని లాగి, నాదపు నిడివిని తగ్గించి, శ్రుతిని సైతం చెదరగొడుతుంది. ఇవి చెవికి తెలిసే సంగతులు, ఆడంబరాలు కావు.

ఆ పెద్దాయనకు నాగస్వరమంటే ప్రాణం. ఆ అభిమానం నాకూ ఉన్నది. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబుగారి వద్ద నేర్చి, ఆపైన తంజావూరు బాణీ కోసం నాచియార్‌కోయిల్ సోదరులను ఆశ్రయించి, 1998లో సంగీత కళానిధి అయిన షేక్ చినమౌలానాగారి గడ్డ మనది. మరి నాగస్వరానికి వ్రేలాడే ఆ పీకల గుత్తి దేనికి? విద్వాంసుడు ఒక పీక పెట్టి ఊదుతాడు, నచ్చకపోతే తీసి మరొకటి పెడతాడు. ఊపిరిలో నాదమున్నవాడికి ఇన్ని పీకలెందుకని ఎవరైనా అడిగారా? ఊపిరి ఉన్నవాడికే పీకల మధ్య తేడా తెలుస్తుంది. పికప్పుల సంగతీ అంతే.

"పీక ప్రకృతి, కరెంటు కృత్రిమం" అంటారేమో. హార్మోనియం విషయంలోనూ ఇలాంటి వాదనలే విన్నాము. 1940లో ఆకాశవాణి దానిని బహిష్కరించింది, 1971లో గాని ఆ ఆంక్ష సడలలేదు. ఆ నడుమ మన పద్యనాటకం హార్మోనియాన్ని విడిచిపెట్టిందా? పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తంత్రులు తీసి అయిదు ఒంటి తంత్రులు వేసుకొన్నారు, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. మామూలు మాండలిన్‌పై మీటు క్షణంలో ఆరిపోతుంది. నాదం నిలవనిదే గమకం ఎక్కడ ఊగుతుంది? ఆయన వాద్యాన్ని మార్చుకొన్నది సంగీతాన్ని విడిచిపెట్టడానికి కాదు, అందుకోవడానికి.

ఇక రెండవ పక్షం వారు. పెట్టె మీది విదేశీ పేరు చూసి వేలకు వేలు పోసి పికప్పు కొని, దానితోపాటే చేతివాటమూ వస్తుందని నమ్మేవారు. మన మిర్చియార్డులో టిక్కీ మీది పేరు చూసి ధర కట్టేవాడున్నాడా? కాయ చేతిలోకి తీసుకొని, రంగు చూసి, విరిచి, అప్పుడు ధర చెబుతాడు. ఆ పాటి వివేకం గిటారుకు పనికిరాదా? తంత్రులు అవే, ఆంప్లిఫయరు అదే, పాట అదే ఉంచి, పికప్పు ఒక్కటే మార్చి వినాలి. ఎత్తు సరిచూసుకోవాలి. వాయించవలసిన చోటనే వినాలి.

ఆ చివరిమాట ముఖ్యం. నిశ్శబ్దమైన గదిలో తేనెలూరించిన ఒంటిచుట్ట పికప్పును శివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్లకు తీసుకువెళ్లండి. విద్యుత్ ప్రభల దీపాలు, జనరేటర్లు, నేలంతా వైర్లు. ఆ తీగచుట్ట తంత్రితోపాటు ఆ కరెంటు హోరునూ గ్రహించి వినిపిస్తుంది. ఈ బాధకే 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా పనిచేసేలా కూర్చాడు. హోరు ఒకదానిలోనిది మరొకదానితో కొట్టుకుపోతుంది, తంత్రి ధ్వని మాత్రం కూడుకొంటుంది. తిరునాళ్లలో వాయించే కుర్రవాడికి ఈ మార్పిడి విలాసమా? అవసరం.

పెద్దల ఎగతాళికీ, సరుకుపై ఈ వ్యామోహానికీ మూలం ఒక్కటే: వినకుండానే తీర్పు చెప్పడం. ఒకరు కరెంటు అన్న మాట విని కాదంటారు, మరొకరు కంపెనీ పేరు విని ఔనంటారు. చెవిని ఇద్దరూ అడగరు. ఆనాడు ఆ గదిలో చెవిని నమ్మినవాడు ఆ కుర్రవాడొక్కడే. వాడి నోరే మూయించాము.

అయ్యా, ముందు వాయించనివ్వండి. విన్న తరువాత బాగులేదంటే, ఆ మాటను వాడూ వింటాడు, నేనూ వింటాను.