డైమండ్ కటింగ్ మిషను మీద మన చెయ్యి ఎప్పుడు?

మేము అవనిగడ్డలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సెలవుల్లో మాలో కొందరం బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పనికి ఒక షెడ్డుకి వెళ్లాం. రాళ్లు అతికించడం, నగలు కడగడం, ఇదే పని. కటింగ్ మిషను దగ్గరికి మాత్రం రానివ్వలేదు. మొన విరిగితే మీరు కడతారా అన్నారు.

గాజు మీద తళతళలాడే గీతలు ఆ వజ్రపు మొన వేసినవే. గిర్రున తిరుగుతూ ఇత్తడికో రాగికో తగిలిన చోట అద్దంలా చెక్కుతుంది, ఆ తర్వాతే బంగారు పూత. అదే ఇనుము మీద పెడితే వేడికి వజ్రమే అరిగిపోతుంది. (క్లాసులో ఇంత బాగా ఎక్కలేదు లెండి.)

ఈ కృష్ణ ఒడ్డునే, పైన కొల్లూరులో, 17వ శతాబ్దంలో 60 వేల మంది వజ్రాల గనుల్లో పనిచేసేవారని టావెర్నియే రాశాడు. తవ్వినవాళ్ల పేర్లు మనకి తెలీవు. కోహినూరు పేరు అందరికీ తెలుసు.

మన యానాది, ఎరుకల పిల్లలకి ఎప్పుడూ కూలి పనేనా? పోతేపల్లి జ్యువెలరీ పార్కు దగ్గర్లోనే ఉంది. అక్కడ కటింగ్ మిషను మీద శిక్షణ, స్టైపెండు, కళ్లకి అద్దాలు ఇప్పించమని గిరిజన సంక్షేమ శాఖకి అర్జీ రాస్తున్నాం. చదువు మానమని కాదు, సెలవుల్లోనే. సంతకం పెట్టేవాళ్లు ఆదివారం సాయంత్రం హాస్టల్‌కి రండి.