సాలూరి గొంతుకు సానపట్టాలా?

సాలూరి రాజేశ్వరరావు పేరు చెప్పగానే తెలుగువాళ్లకు ‘మల్లీశ్వరి’ (1951), ‘విప్రనారాయణ’ (1954), ‘మిస్సమ్మ’ (1955) గుర్తుకొస్తాయి. ఆ సినిమాలకు పదేళ్లకు పైగా ముందే ఆయన తన గొంతుతో గ్రామఫోను ప్లేట్ల మీద పాడిన పాటలు వేరే ఉన్నాయి. ‘పాట పాడుమా కృష్ణా’, ‘చల్లగాలిలో యమునా తటిపై’ లాంటివి ఒంటిగా పాడినవి. ‘తుమ్మెదా ఒకసారి’, ‘కోపమేల రాధా’ లాంటివి రావు బాలసరస్వతీదేవితో కలిసి పాడినవి. ఈ పాటల గురించి పాత పాటల అభిమానుల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఇవి గొప్ప సంగీత దర్శకుడి తొలి అడుగులని, చరిత్ర కోసం దాచుకోవలసినవే తప్ప వాటంతట అవి పూర్తి రచనలు కావని ఒక మాట. గరగర వల్ల ఈ కాలం చెవికి ఆనవు కాబట్టి వాటిని రీమాస్టర్ చేసి, చప్పుడు తీసేసి, కాస్త నిండుదనం తెచ్చి, అందమైన బాక్స్ సెట్‌గా వేస్తే ఆయనకు న్యాయం చేసినట్టని దాని వెనకే ఇంకో మాట. చూడ్డానికి రెండుగా ఉన్నా ఇవి ఒకే మాట. పాట అసంపూర్ణమని ముందే తీర్మానించుకున్నవాడికే దాన్ని పూర్తి చేసే అధికారం తనకుందని తోస్తుంది. ఆ తీర్మానమే తప్పు.

రాజేశ్వరరావు 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టారు. అప్పటికి ఆ ఊరు విశాఖపట్నం జిల్లాలోది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో.  తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు, పాటలు కట్టినవాడు. 1933 ప్రాంతంలోనే, పదీ పదకొండేళ్ల పిల్లాడు రాజేశ్వరరావును హచ్చిన్స్ గ్రామఫోను కంపెనీ బెంగళూరు తీసుకెళ్లి భగవద్గీత శ్లోకాలు ప్లేటు మీదికెక్కించింది. ఆ గొంతు 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’లో కృష్ణుడి వేషం తెచ్చిపెట్టింది. తర్వాత కలకత్తా, అక్కడ గాయకులు పంకజ్ మల్లిక్, సైగల్‌ల సంగీతంతో పరిచయం. తిరిగొచ్చాక మద్రాసులో సినిమాలు, లలిత గీతాల రికార్డులు.

ఇక్కడ కాలం గమనించాలి. తెలుగు సినిమాలో నేపథ్యగానం 1943 నాటి ‘భాగ్యలక్ష్మి’తో మొదలైందని చెబుతారు, పాడింది బాలసరస్వతీదేవే. దానికి ముందు నటించేవాడే పాడాలి. కెమెరా ముందు నిలబడి, వేషం మోస్తూ, మైకు చిత్రంలో పడకుండా చూసుకుంటూ పాడాలి. పాట ఒక్కటే పనిగా, మైకు ముందు స్థిమితంగా నిలబడి పాడే అవకాశం గాయకుడికి ఎక్కువగా దొరికింది ప్లేటు కోసం పాడినప్పుడే. పైగా ఆనాటి చాలా సినిమాల ప్రింట్లే ఇప్పుడు లేవు. సినిమా పాటను గమ్యంగానూ ప్లేటు పాటను దానికి దారిగానూ చూడటం తర్వాతి కాలపు అలవాటు. 1940లో ఎవరూ అలా చూసి ఉండరు.

రంగస్థలం మీద పద్యం పాడే నటుడు మైకు లేకుండా చిట్టచివరి వరుసకు గొంతు వినిపించాలి. రాగం సాగదీసి, తారస్థాయిలో నిలబెట్టి, మళ్లీ మళ్లీ అనిపించుకోవాలి. రాజేశ్వరరావు ప్లేట్ల మీద చేసింది దానికి పూర్తిగా ఎదురు పని. 1920ల నడుమ విద్యుత్ మైకు వచ్చి, పాత బూరలో అరిచే అవసరం పోయింది. చెవి దగ్గర చెప్పుకునే మాటలా పాడినా ప్లేటు మీద పడుతుందని తెలుగులో ముందుగా కనిపెట్టినవాళ్లలో ఆయన ఒకరు. పది అంగుళాల ప్లేటు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. అందులోనే పల్లవి, రెండు చరణాలు, నడుమ చిన్న వాద్య సంగీతం. ఆలాపనకు చోటు లేదు. ఉన్నదల్లా ఒక మాట మీద కొంచెం ఆగడం, ఒక గమకాన్ని సగంలో విడిచిపెట్టడం, పాదం చివర ఊపిరి వదలడం. ఆ ఇరుకు ఆయనకు అడ్డం కాలేదు, పాట రూపం అందులోంచే పుట్టింది.

రాజేశ్వరరావు సైగల్ ధోరణిని అనుకరించారనే మాట తరచు వినిపిస్తుంది. కలకత్తా ప్రభావం ఉన్నమాట నిజం, దాచిపెట్టేదేమీ లేదు. అయితే సైగల్ పట్టు గొంతు బరువులో ఉంటుంది. రాజేశ్వరరావుది తేలిక గొంతు, బరువు ఎత్తుకోవాలని చూడదు. ఆ పాటల్లోని యమునాతీరం భావకవుల నాటి తెలుగు పాటలోది, కలకత్తా నుంచి దిగుమతి అయింది కాదు. ఇంకా బలమైన రుజువు తర్వాతి సినిమాల్లోనే ఉంది. ‘విప్రనారాయణ’లో, ‘మిస్సమ్మ’లో ఆయన గాయకుడు ఏ.ఎం.రాజాను ఎంచుకుని పాడించిన తీరు వింటే, పదిహేనేళ్ల కిందట తాను ప్లేటు మీద పాడిన తీరును ఇంకో గొంతులో వెతుక్కున్నట్టు ఉంటుంది. ఆ లెక్కన ప్లేట్లు మాతృక, సినిమా దాని నకలు. తొలిమెట్టు సిద్ధాంతం తలకిందులుగా ఉందన్నమాట.

ఇక గరగర సంగతి. ఆనాటి ప్లేటు లక్కతో చేసింది. లక్క ఒక్కటే అయితే సూది రాపిడికి నిలవదు కనుక అందులో సన్నటి రాతిపొడి, నలుపు రావడానికి మసి కలిపేవారు. ఉక్కు ముల్లును గాడి ఆకారానికి అరగదీయడమూ ఆ రాతిపొడి పనే. అందుకే ఒక్కో వైపుకు ఒక్కో కొత్త ముల్లు పెట్టమనేవారు. పొదుపు కోసం ఒకే ముల్లుతో పది పాటలు విన్న ఇళ్లలోని ప్లేటును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే, నల్లటి మెరుపు మధ్యలో అక్కడక్కడా బూడిదరంగు పట్టీలు కనబడతాయి. గొంతు పైకెళ్లిన చోటే ఆ పట్టీలుంటాయి. పెద్ద ధ్వనికి గాడి ఎక్కువ వంకర తిరుగుతుంది, అరిగిన ముల్లు అక్కడే ఎక్కువ చెక్కేస్తుంది. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లో తేమకు కాగితపు తొడుగు చెమ్మగిల్లి బూజు కూడా పడుతుంది.

ప్లేటు మీద రెండు రకాల చప్పుళ్లున్నాయి. గీత వల్లో, పగులు వల్లో వచ్చే టిక్కుటిక్కు ఒకటి. ఇది పాటలోది కాదు, ఒక్కొక్కటి వెతికి తీసేస్తే ఎవరికీ నష్టం లేదు. రెండోది రాతిపొడి వల్ల మొదటినుంచి చివరిదాకా పరుచుకుని ఉండే సన్నటి బుస. చిక్కంతా దీంతోనే. బుస ఎక్కువగా తెలిసేది పై స్థాయిల్లో. తెలుగు మాటలో స, శ, ష, చ లాంటి అక్షరాలు, ఒత్తక్షరాల ఊపిరి, మాట విరుపు ఉండేవీ అక్కడే. బుసను గట్టిగా తుడిచేస్తే అవీ పోతాయి. పాట శుభ్రంగా ఉంటుంది, పాడేవాడు మాత్రం ముక్కు పట్టేసి, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంటాడు. రంగస్థల గాయకుడైతే ఆ దెబ్బకు తట్టుకుంటాడేమో. ఊపిరితోనే పాటను నడిపిన గాయకుడికి అదే ప్రాణం తీసే దెబ్బ. ఆ వెలితి కప్పడానికి ప్రతిధ్వని, కింది స్థాయి బరువు కలిపితే అది సినిమా హాల్లో వినబడే పాట అవుతుంది. చెవి దగ్గరి మాట కాస్తా దూరం నుంచి వినబడుతుంది.

ఇలాంటి మెరుగులు కొత్తవేమీ కావు. ఎల్విస్ ప్రెస్లీ 1954, 55లలో మెంఫిస్‌లోని సన్ కంపెనీకి పాడిన పాటలు ఒకే ధ్వని దారిలో, అంటే మోనోలో తయారైనవి. 1955 నవంబరులో ఆర్‌సీఏ కంపెనీ ఆయన ఒప్పందం కొనుక్కుంది. 1960లలో స్టీరియో మోజు పెరిగాక ఆయన తొలి ఆల్బమ్‌లను కృత్రిమ స్టీరియోగా మార్చి అమ్మింది. అప్పుడు అది ఆధునికీకరణ. ఇప్పుడు సేకర్తలు వెతుక్కునేది మోనో ప్రతుల కోసం. 2009లో బీటిల్స్ పాటల మోనో బాక్స్ సెట్ వేరుగా వచ్చింది కూడా అందుకే. ఇవాళ మెరుగనుకున్నది ముప్పై ఏళ్లకు మరకలా కనిపిస్తుంది. మాతృక విడిగా మిగిలి ఉంటేనే ఆ మరకను తుడవగలరు.

గరగర మీద ఇంత పట్టుదల ఉన్నవాళ్లు అంతకంటే పెద్ద విషయాన్ని గాలికొదిలేస్తారు. అది వేగం. ప్లేటు మీద 78 అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ సరిగ్గా నిమిషానికి 78 చుట్లతోనే రికార్డయ్యాయని కాదు. 75 చుట్లతో రికార్డయినదాన్ని 78తో తిప్పితే శ్రుతి అర స్వరస్థానం కంటే ఎక్కువ పైకి పోతుంది, నడక ఆ మేరకు హడావుడి పడుతుంది. అమెరికా బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936, 37లలో పాడిన పాటలు 1990లో 41 రికార్డింగులతో సెట్‌గా వచ్చాయి. అవి అసలు వేగంతోనే ఉన్నాయా అన్న వాదం ఇంకా తెమలలేదు. రాజేశ్వరరావు విషయంలో ఇది మరీ సున్నితం. 1933 నాటి గొంతు ఇంకా పగలని పసిగొంతు, ఆ దశాబ్దం చివరిది యువకుడిది. వేగం కాస్త తప్పితే గాయకుడి వయసే మారిపోతుంది. తోడుగా మోగిన హార్మోనియం శ్రుతిని పట్టుకుని, అదే కాలపు అదే కంపెనీ ప్లేట్లతో పోల్చి వేగం తేల్చాలి. గంటల తరబడి చెవి పెట్టి చేయాల్సిన పని. అట్ట మీద రాసుకోవడానికి పనికొచ్చే పని కాదు కాబట్టి దీనిపై ఎవరికీ మక్కువ లేదు.

సమతూకం కూడా అంతే. కింది, పై స్థాయిలను ఎంత తగ్గించి, ఎంత పెంచి గాడి కొయ్యాలన్నదానికి 1950ల నడిమిదాకా కంపెనీలన్నిటికీ ఒకే కొలత లేదు. తర్వాత వచ్చిన సన్నగాడి ఎల్పీ ప్లేట్ల కోసం ఏర్పడ్డ కొలతతో ఆ ప్లేట్లను మోగిస్తే గొంతు రంగు మారిపోతుంది. ముల్లు మందం మరో సంగతి. 78 ప్లేటు గాడి ఎల్పీ గాడికి దాదాపు మూడింతలు వెడల్పు. సన్నముల్లు అడుగున రాతిపొడిని గీరుకుంటూ పోతుంది, గరగర రెట్టింపవుతుంది. కొంచెం లావు ముల్లు పెడితే గోడల్లో అరగని భాగాన్ని తాకి, తుడుపు యంత్రం అక్కర్లేకుండానే గొంతును బయటికి తెస్తుంది. కడగడంలోనూ మెలకువ కావాలి. మరక పోతుందని స్పిరిట్ పెట్టి తుడిస్తే లక్క కరుగుతుంది. నీళ్లు, కొద్దిపాటి మెత్తటి సబ్బు చాలు. కంప్యూటరు తెరిచేలోపే ఇంత పని ఉంది. రీమాస్టర్ అన్న ముద్ర వేసుకునే ప్రతుల్లో కరువైంది ఈ పనే.

కంప్యూటరు చేయగలిగినదాన్ని తక్కువ చేయనక్కర్లేదు. 2023లో బీటిల్స్ పేర వచ్చిన ‘నౌ అండ్ దెన్’ కోసం ఆ బృందంలోని దివంగత జాన్ లెనన్ పాత క్యాసెట్టులోంచి ఆయన గొంతును పియానో నుంచి విడదీశారు. అయితే అది బతికున్న సహచరులు పూర్తి చేసుకున్న కొత్త పాట; క్యాసెట్టులో ఉన్నది చిత్తుప్రతి. దాన్ని చూపించి, రాజేశ్వరరావు గొంతును కూడా విడదీసి వెనక కొత్త వాద్యబృందం పెడితే బాగుంటుందనే ఉత్సాహం చెల్లదు. ఇక్కడున్నది చిత్తుప్రతి కాదు. ఆనాడు మైనం పలక మీద నేరుగా గాడి కోసేవారు, నడుమ తుడిచి దిద్దే వీలు లేదు. తప్పు దొర్లితే మొదటినుంచి మళ్లీ పాడాల్సిందే. అలా ఒప్పుకున్న ప్రతే ప్లేటుగా అచ్చయింది. హార్మోనియం ఎంత పలచగా మోగాలో కూడా ఆ గదిలోనే తేలిపోయింది.

బుసతో వేస్తే ఈ కాలం పిల్లలు వినరని ఒక అభ్యంతరం. విశాఖ ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. మీడియం వేవ్ గరగరలోంచే కోస్తా జిల్లాల్లో రెండు తరాలు లలిత సంగీతం విన్నాయి, చెవికి ఏమీ కాలేదు. ఇవాళ్టి పిల్లలు కావాలని క్యాసెట్టు బుస, ప్లేటు గరగర కలిపిన సంగీతం చెవుల్లో పెట్టుకుని చదువుకుంటున్నారు. వినకపోవడానికి కారణం చప్పుడు కాదు. ఏ పాట ఎప్పటిదో, ఎవరు రాశారో, ఎవరు వాయించారో చెప్పే దిక్కు లేకుండా ‘ఆపాత మధురాలు’ అనే ఒకే మూటలో కట్టి పెట్టడం కారణం. యాభై పాటల మధ్య తేదీ లేకుండా వచ్చే 1930ల నాటి పాట ఎవరికైనా పాడైపోయిన 1955 పాటలాగే వినబడుతుంది.

కాబట్టి ఈ ప్లేట్లను బాక్స్ సెట్‌గా వేయదలిస్తే ముందు కావలసింది జాబితా. ప్లేటు నడిమి కాగితపు ముద్ర (లేబుల్) చుట్టూ మిగిలిన ఖాళీ జాగాలో చిన్న అంకెలు అచ్చుగుద్ది ఉంటాయి. రికార్డింగుల వరుస పోల్చుకోవడానికి తరచు అదే ఆధారం. ఒక పాటకు దొరికిన ప్లేట్లన్నిటిలో తక్కువ అరిగినది ఎంచుకోవాలి. ఒక వైపు ఒక ఇంట్లో, రెండో వైపు మరో ఇంట్లో బాగుండవచ్చు. సరైన ముల్లుతో, తేల్చిన వేగంతో, ఏమీ కలపని ప్రతిని భద్రపరచాలి. వినడానికి వేసే ప్రతిలో టిక్కులు తీసేయవచ్చు, బుసను అక్షరం చెడని మేరకే తగ్గించవచ్చు. ఎంత తగ్గించారో పక్కన రాయాలి. సినిమా పాటలతో కలపకూడదు. బాలసరస్వతీదేవి పాడిన పాటలను రాజేశ్వరరావు పేరు కింద మడతపెట్టకూడదు, ముద్ర మీద ఇద్దరి పేర్లూ ఉన్న చోట సెట్ మీదా ఇద్దరి పేర్లూ ఉండాలి. వరుస కూడా ప్లేటుదే కావాలి. ముందు వైపు పాట, వెంటనే వెనక వైపు పాట, నడుమ ప్లేటు తిప్పేంత వ్యవధి. 1940లో కొనుక్కున్నవాళ్లు విన్నది ఆ జంటనే.