పుట్టినరోజుకి చేపలు తీసుకురాకండి

ఈసారి కోపంగా రాస్తున్నాను. కోపంలో నా ఒత్తులు మామూలుకన్నా ఎక్కువ తప్పుతాయి, సర్దుకోండి.

డర్బన్‌లో మా గుడి హాల్లో, చెప్పులు విడిచే చోటు పక్కన, ఒక ఉప్పునీళ్ళ చేపల తొట్టి ఉంది. 400 లీటర్లు, తొమ్మిదేళ్ళ తొట్టి. దాన్ని చూసుకునేది నేనే. ప్రసాదం వడ్డించడం, గిన్నెలు తోమడం, తొట్టి అద్దం తుడవడం, ఇదీ నా ఆదివారం.

పోయిన సంవత్సరం ఒక ఆదివారం భజన అయ్యాక ఒకాయన తన కూతురి పుట్టినరోజని ఏడు గ్రీన్ క్రోమిస్ చేపల్ని ప్లాస్టిక్ సంచిలో తెచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. బయటికి వచ్చేసరికి సంచి ఖాళీ. చేపలు, సంచిలో నీళ్ళు, అన్నీ తొట్టిలోనే. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నా తప్పు.

పన్నెండో రోజు మా ఎల్లో టాంగ్ ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపించాయి. రాయికి ఒళ్ళు రుద్దుకుంటోంది. మూడో వారంలో అది పోయింది. ఎనిమిదేళ్ళు మాతో ఉన్న చేప. పిల్లలు దాన్ని "పసుపు" అని పిలిచేవాళ్ళు. ఇక్కడ పుట్టిన కొంతమంది పిల్లలకి తెలుగులో వచ్చిన మొదటి రంగు పేరు అదే. తర్వాత ఒక క్లౌన్ చేప పోయింది, నాలుగు క్రోమిస్ పోయాయి.

ఈ నెల మళ్ళీ ఒక కుటుంబం మనవడి మొదటి పుట్టినరోజుకి పది ఆంథియాస్ చేపలు ఇస్తామన్నారు. కమిటీలో ప్రెసిడెంట్ అన్న "వద్దంటే బాధపడతారు" అన్నాడు. బాధపడనివ్వండి. ఆ తెల్ల చుక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో అన్నకి మీటింగ్‌లో చెప్పాను, సగమే విన్నాడు. మిగతా సగం మీరు వినండి.

ఆ జబ్బుని మెరైన్ ఇచ్ అంటారు. క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అనే పరాన్నజీవి వల్ల వస్తుంది. పరాన్నజీవి అంటే ఇంకో ప్రాణి మీద పడి బతికేది (ఈ మాట నాకు ఇష్టం, మా బంధువుల్లో ఒకరిద్దరికి సరిపోతుంది). అది చేప చర్మం కింద కొన్ని రోజులు తిని, కిందికి రాలి, రాయికో ఇసుకకో అంటుకుని గుడ్డులాంటి గట్టి తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తి పగిలితే వందల పిల్లలు బయటికి వచ్చి చేపల్ని వెతుక్కుంటాయి. కొన్ని తిత్తులు 72 రోజుల దాకా ఆగగలవు. అందుకే తొట్టిలో ఒక్క చేప కూడా లేకుండా 76 రోజులు ఉంచాను. మిగిలిన ఒక క్లౌన్, మూడు క్రోమిస్ వేరే తొట్టిలో రాగి మందులో ఉన్నాయి. పెద్ద తొట్టిలోనే ఆ మందు వేయొచ్చు కదా అన్నారు. రాగి వేస్తే రొయ్యలు, నత్తలు, పగడాలు చచ్చిపోతాయి. రాళ్ళు కూడా రాగిని పీల్చుకుంటాయి. ఆ 76 రోజులూ గుడికి వచ్చిన ప్రతి పిల్లా "పసుపు ఏది?" అని అడిగింది. సమాధానం చెప్పింది నేను. సంచి తెచ్చినాయన కాదు.

ఇప్పుడు నాకు చెప్పిన సాకులు.

"షాపులో రెండు వారాలు ఉన్నాయి, బాగా తింటున్నాయి." చాలా షాపుల్లో అన్ని తొట్లకీ ఒకే నీళ్ళు తిరుగుతాయి, ప్రతి వారం కొత్త చేపలు వస్తాయి. కొన్ని షాపుల్లో నీళ్ళలో కొంచెం రాగి ఉంచుతారు, లేకపోతే ఉప్పు తగ్గిస్తారు. దానితో జబ్బు అణిగి ఉంటుంది, పోదు. మొప్పల్లో దాక్కున్నది కంటికి కనపడదు.

"క్లీనర్ ష్రింప్ ఉంది కదా, అది తినేస్తుంది." తినదు. పరాన్నజీవి చర్మం కింద ఉంటే రొయ్య ఎలా తింటుంది?

"మేతలో వెల్లుల్లి కలపండి." వెల్లుల్లి పప్పులో బాగుంటుంది.

"వేరే తొట్టిలో పెడితే చేపకి భయం, పాపం." ఈ ఒక్కటి సగం నిజం. కానీ పెద్ద తొట్టిలో అంతకన్నా ఎక్కువ భయం ఉంది. పాత చేపలకి ప్రతి రాయీ సొంత ఇల్లు, అవి కొత్తవాటిని తరుముతాయి. చిన్న తొట్టిలో తరిమేవాళ్ళు లేరు, నెల రోజులు తిని బలం తెచ్చుకోవచ్చు.

మా అవ్వ ఉన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపాకు కట్టి "ఎడంగా పెట్టు" అనేది. పళ్ళెం ఎడంగా, చాప ఎడంగా, మనిషి ఎడంగా. స్కూల్లో మాకు ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్ నేర్పారు, తెలుగు నేర్పలేదు. కాబట్టి క్వారంటైన్‌కి నా దగ్గర ఉన్న మాట అవ్వ మాటే, ఎడంగా పెట్టడం. గుడి గోడ మీద మత్స్యావతారం బొమ్మ ఉంది, అందరూ దండం పెడతారు. ఆ కథలో పెద్ద చేపల నుంచి కాపాడమని చిన్న చేప అడిగితే మనువు ఏం చేశాడు? ముందు కుండలో పెట్టాడు. పెరిగాక గుంటలోకి, చివరికి సముద్రంలోకి మార్చాడు. మొదటి రోజే సముద్రంలోకి విసిరేయలేదు.

ఇంక గుంపు సంగతి. ఇంగ్లీషులో స్కూలింగ్ ఫిష్ అంటారు. ఆ స్కూల్ డచ్ నుంచి వచ్చిన మాట, గుంపు అని అర్థం, బడితో సంబంధం లేదు. షాపువాళ్ళు "బేసి సంఖ్యలో కొనండి, ఐదో ఏడో, గుంపుగా తిరుగుతాయి" అంటారు. బేసి అంటే రెండుతో భాగించలేనిది. చేపలకి లెక్కలు రావు. మా ఏడు క్రోమిస్ మొదటి రెండు రోజులు ఒక్కటిగా తిరిగాయి, ఎందుకంటే భయం. భయం పోయాక విడిపోయాయి. జబ్బు తర్వాత మిగిలిన మూడింటిలో పెద్దది చిన్నదాన్ని మూలకి తోసి మేత అందనివ్వలేదు. అది పోయాక రెండోదాన్ని పట్టుకుంది. ఇప్పుడు ఒక్కటే ఉంది. క్రోమిస్ కొన్న చాలామంది ఇళ్ళలో ఇదే కథ. సముద్రంలో పెద్ద గుంపు ఉంటుంది, పారిపోవడానికి చోటు ఉంటుంది, దెబ్బలు అందరికీ పంచుకుంటాయి. డబ్బాలో ఆ చోటు లేదు.

ఆంథియాస్ మాకు పరాయి చేప కాదు. సోద్వానా బే దగ్గర పగడపు దిబ్బల మీద గుంపులు గుంపులుగా ఉంటాయి, ఇక్కడివాళ్ళు సీ గోల్డీ అంటారు. నారింజ రంగు ఆడవి చాలా, మగది ఒకటి. మగది చచ్చిపోతే పెద్ద ఆడచేప మగదిగా మారుతుంది. నాకు చాలా ఇష్టమైన చేప. కానీ అది రోజంతా నీళ్ళలో కొట్టుకొచ్చేది తింటూ ఉంటుంది, రోజుకి కనీసం రెండు మూడు సార్లు మేత కావాలి. మా గుడి తలుపు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తెరుస్తారు. మంగళవారం మధ్యాహ్నం మేత వేయడానికి ఎవరు వస్తారు? మీటింగ్‌లో ఈ ప్రశ్న అడిగాను. అందరూ టీ కప్పుల్లోకి చూశారు.

దానం చేయాలని ఉంటే నాకు ఉప్పు కొనివ్వండి, టెస్ట్ కిట్ కొనివ్వండి. చేపలే ఇవ్వాలంటే డబ్బు ఇచ్చి నెలన్నర ఆగండి, తెచ్చేది నేను. కొత్తొక వింత అంటారు కదా. ఆ వింత కోసం తొమ్మిదేళ్ళ తొట్టిని మళ్ళీ పణంగా పెట్టను. కమిటీకి కూడా ఇదే చెప్పాను. కాదంటే తొట్టి తాళం, మూత, వల అన్నీ వాళ్ళకే ఇచ్చేస్తాను.

ఆ కుటుంబంలో నాయనమ్మ నాకు ఫోన్ చేసింది. కోపంగా ఉంటుందనుకున్నాను. "చేపలు ఎందుకు పోతాయి బాబూ, చెప్పు" అంది. అరగంట చెప్పాను, సగం తెలుగులో. ఆంథియాస్ బదులు ఐదు పైజామా కార్డినల్ చేపలకి ఒప్పుకుంది. వెనక సగం చుక్కల పైజామా వేసుకున్నట్టు ఉంటాయి. నెమ్మదైనవి, ఒకేచోట కలిసి నిలబడతాయి, రోజుకి రెండు మేతలు చాలు.

ఐదూ ఒకేసారి తెచ్చాను. సంచిని ఇరవై నిమిషాలు నీళ్ళలో తేలనిచ్చి, చేపల్ని మాత్రం తీసుకుని, సంచి నీళ్ళు పారబోశాను. స్టోర్ రూమ్‌లో 80 లీటర్ల తొట్టి. ఇసుక లేదు, రాళ్ళు లేవు, దాక్కోవడానికి ప్లాస్టిక్ పైపు ముక్కలు. స్పాంజి ఫిల్టర్‌ని ముందే నెల రోజులు పెద్ద తొట్టి నీళ్ళలో ఉంచాను, దానికి మంచి బాక్టీరియా పట్టాలని. రోజూ అమోనియా చూస్తాను. దీని వల వేరు, బకెట్ వేరు, గుడ్డ వేరు. రాగి మందు 30 రోజులు, తర్వాత రెండు వారాలు మందు లేకుండా చూడటం. పెద్ద తొట్టిలోకి వెళ్ళేది రాత్రి, లైటు తీసేసి, ఐదూ కలిపి. కొన్ని రోజులు చిల్లుల డబ్బాలో ఉంటాయి, క్లౌన్, క్రోమిస్ బయటి నుంచి చూసి అలవాటు పడేదాకా.

ఈ రోజు పదకొండో రోజు. మనవడి పుట్టినరోజు అయిపోయింది, వాడికి ఏమీ తెలియలేదు, కేక్ తిన్నాడు. చూడాలంటే ఆదివారం రండి, స్టోర్ రూమ్ తలుపు తీస్తాను. చేతులు మాత్రం జేబులో పెట్టుకోండి.