ఉప్పల్‌లో టులెట్ బోర్డు ఎవరి కోసం?

ఉప్పల్, నాచారం ప్రాంతాలను ఏ ఒక్క వర్గమో కట్టలేదు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, నాచారం పారిశ్రామికవాడ కార్మికులు, వరంగల్ రహదారి వెంట బతుకుదెరువుకై వచ్చిన పల్లెజనం అందరూ కలిసి ఈ బస్తీలను పెంచారు. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం మహానగరంలో విలీనమైంది. 2017లో మెట్రో రైలు వచ్చింది. పాత ఇళ్ల స్థానంలో అపార్టుమెంట్లు లేచాయి.

ఆ అపార్టుమెంట్ల గేటు దగ్గరే మన ప్రశ్న మొదలవుతుంది. టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లిన ముస్లిం ఉద్యోగి పేరు చెప్పగానే మాట మారుతుంది. ‘నిన్ననే ఇచ్చేశాం’ అంటారు, లేదా ‘శాకాహారులకే ఇస్తాం’ అంటారు. మాంసం వండుకునే ఇతరులకు అదే ఇల్లు దొరుకుతున్నప్పుడు అది ఆహార నియమం ఎలా అవుతుంది?

2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో ముస్లింలు నూటికి 43 మందికి పైగా ఉన్నారు. నాడు ఉప్పల్ భాగమైన రంగారెడ్డి జిల్లాలో, పల్లెలతో కలిపి, 12 మందికి లోపే. ఈ తేడాకు చరిత్ర, ఆదాయం కారణాలే. కానీ మూసిన తలుపు కూడా ఒక కారణమని మరువరాదు. కోరుకున్న చోట ఇల్లు దొరకని ముస్లింల ఇబ్బందిని 2006లోనే సచార్ కమిటీ నమోదు చేసింది.

మన బస్తీల నుంచి ఎందరో యువకులు అమెరికా వెళ్లి ఎడిసన్, ఫ్రిస్కో వంటి సంపన్న శివారు పట్టణాల్లో స్థిరపడ్డారు. మతాన్ని, జాతిని, పుట్టిన దేశాన్ని చూసి ఇల్లు నిరాకరించడాన్ని అక్కడ 1968 నాటి చట్టం నిషేధించింది. యజమాని తానుంటున్న చిన్న ఇళ్లకు కొన్ని మినహాయింపులున్నా, ఆ రక్షణ నీడలోనే మనవారు అక్కడ ఇళ్లు పొందుతున్నారు. అక్కడ తమ బిడ్డకు దక్కిన మర్యాదను ఇక్కడ పొరుగువారి బిడ్డకు నిరాకరించడం ఏ న్యాయం?

మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, రహదారుల విషయంలో వివక్షను నిషేధించింది. అద్దె ఇంటి పేరు అందులో లేదు. పైగా 2005లో సుప్రీంకోర్టు, ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం సభ్యత్వాన్ని తమ వారికే పరిమితం చేసుకోవడాన్ని సమర్థించింది.

కాబట్టి అద్దె, అమ్మకాల్లో మతవివక్షను నిషేధించే చట్టాన్ని రాష్ట్ర శాసనసభ చేయాలని మేము కోరుతున్నాం. ఇంటి యజమాని హక్కును మేము కాదనడం లేదు. అద్దె చెల్లించగలరా, ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటారా అని ఆయన నిస్సంకోచంగా అడగవచ్చు. పేరే అనర్హత కారాదన్నదే మా వాదన. మన మొహల్లాల్లో ఇల్లు వెతుక్కునే ఇతర మతస్థులకు మన తలుపూ తెరిచే ఉండాలి. అప్పుడే ఈ కోరికకు బలం.