కంపెనీ రాకముందే బావి లెక్క రాసుకోవాలి

చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకోవడం మనకు అలవాటైపోయింది. బావి నీరు రంగు మారిన తర్వాత, మల్బరీ ఆకు మీద నల్లటి దుమ్ము పేరుకున్న తర్వాత అర్జీ పట్టుకుని కలెక్టరు కార్యాలయానికి పరుగెత్తుతాము. అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "ఇంతకుముందు ఎలా ఉండేది? ఆధారమేమైనా ఉందా?" ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండదు. నోటిమాట తప్ప కాగితం ఉండదు. అర్జీ అక్కడితో ఆగిపోతుంది.

పరిశ్రమలు వద్దని ఎవరూ అనరు. వానలు సరిగా పడని సీమ మనది. వేరుశనగ చేతికి రాని ఏడు బెంగుళూరు బస్సెక్కిన కుటుంబాలెన్నో ఉన్నాయి. 2017లో ఒప్పందం కుదిరి, పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం వెలిసి, 2019లో కార్లు బయటికి వస్తే మనమందరమూ సంతోషించాము. హిందూపురం దగ్గర తూమకుంట, గోళ్ళాపురం పారిశ్రామికవాడలలోనూ మనవాళ్ళు పనిచేస్తున్నారు. అయితే పని ఎంత అవసరమో నీరూ అంతే అవసరం. శ్రీశైలం వెనుక జలాల నుంచి హంద్రీ-నీవా కాలువ మీదుగా ఎన్నో ఎత్తిపోతలు దాటి గొల్లపల్లి రిజర్వాయరుకు చేరే నీటిలో పొలానికెంత, ఊరికెంత, పరిశ్రమకెంత అన్న లెక్క ప్రతి రైతుకూ తెలియాలి.

ఈ లెక్కలు ముందే చూడడానికి చట్టం ఉంది. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని కింద 1994లో ఒక నోటిఫికేషను, దాని స్థానంలో 2006 సెప్టెంబరు 14న మరొకటి వెలువడ్డాయి. గనులు, ఉక్కు, సిమెంటు, విద్యుత్తు వంటి పెద్ద ప్రాజెక్టులు కట్టకముందే గాలికి, నీటికి, నేలకు ఏమి నష్టం కలుగుతుందో అంచనా వేసి, దాన్ని తగ్గించే మార్గం చెప్పి, అనుమతి పొందాలి. ఈ నివేదిక మీద ఊరివాళ్ళ మాట వినడానికే ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు.

చట్టం బాగానే ఉంది. లోపమల్లా దాని పునాదిలో ఉంది. ఆ నివేదిక తయారుచేసే సంస్థకు డబ్బిచ్చేది ప్రాజెక్టు పెట్టేవారే. గాలి, నీటి నమూనాలు సాధారణంగా ఒక్క సీజనులో, అంటే మూడు నెలలపాటు తీస్తారు. ఒక ఏడు చెరువు మరవపారి, మరో మూడేళ్ళు అడుగు కనిపించే మన ప్రాంతంలో మూడు నెలల లెక్క ఏ మూలకు? పైగా మన భూగర్భ జలాలలో చాలాచోట్ల ఫ్లోరైడు సహజంగానే ఉంది. రేపు నీరు చెడితే "ఇది మొదటినుంచీ ఉన్నదే" అని ఎవరైనా అనవచ్చు. కాదనడానికి మన చేతిలో ఏముంది?

లెక్క తప్పితే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా సోంపేట చూపింది. అక్కడి బీల నేలల్లో థర్మల్ విద్యుత్కేంద్రానికి అనుమతి ఇచ్చారు. అది పనికిరాని నేల కాదు, తమకు నీరూ చేపలూ ఇచ్చే చిత్తడి నేల అని రైతులు, మత్స్యకారులు మొత్తుకున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. నేల సంగతి మొదటే సరిగా రాసి ఉంటే ఆ ప్రాణాలు పోయేవి కావేమో.

మన పక్కనే ఉన్న కడప జిల్లా తుమ్మలపల్లెది ఇంకో పాఠం. యురేనియం శుద్ధి కర్మాగారపు వ్యర్థాల చెరువు వల్ల బోర్లు చెడి, అరటితోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. తమ వల్ల కాదని సంస్థ చెప్పింది. కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. ఖనిజమున్న నేలలో నీటికి సహజంగా వచ్చినదెంత, చెరువు నుంచి దిగినదెంత అని తేల్చాలంటే పాత లెక్క కావాలి. అది రైతు దగ్గర లేకపోతే వాదన ఏళ్ళ తరబడి సాగుతుంది. ఈలోగా తోట ఎండిపోతుంది.

కాబట్టి ప్రతి పంచాయతీ ఒక బావుల పుస్తకం పెట్టుకోవాలి. ఊరి నాలుగు దిక్కులా పది బావులో, బోర్లో ఎంచుకోవాలి. ఏటా మే నెలలో ఒకసారి, వానలు వెళ్ళిన తర్వాత నవంబరులో ఒకసారి నీరెంత లోతున ఉందో, మోటరు ఎన్ని అడుగులకు దించారో తేదీతో రాయాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో నీటిని పరీక్ష చేయించి, ఆ కాగితం పుస్తకంలో అతికించాలి. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. బడిపిల్లలు కూడా చేయగలరు.

ఇక సభ సంగతి. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. నివేదిక ప్రతిని కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, స్థానిక పంచాయతీలో అందుబాటులో ఉంచాలి. మనకు తెలుగులో దొరికేది సారాంశం మాత్రమే. అయినా దాన్ని చదవండి. చదువుకున్న పిల్లల చేత అసలు నివేదికలో నీటి పట్టికలు తీయించి మన పుస్తకంతో సరిచూడండి. సభలో మాట్లాడినదంతా చివర తెలుగులో చదివి వినిపించాలన్నది నిబంధన. మీ మాట అందులో లేకపోతే అక్కడే లేచి అడగండి. భోజనాలు ముగిశాయని ముందే లేచి రాకండి. పారిశ్రామికవాడకే అనుమతి వచ్చి ఉంటే, లోపల పెట్టే కంపెనీలకు మళ్ళీ సభ ఉండకపోవచ్చు. కనుక దొరికిన ఆ ఒక్క అవకాశం వదులుకోరాదు.

అనుమతి వచ్చాక పని ముగియదు. ఆ పత్రం ప్రతిని పంచాయతీకి ఇవ్వాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు ప్రదర్శించాలి. షరతులు ఎంతవరకు పాటించారో ప్రాజెక్టువారు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. ఆ రెండు తేదీలు సర్పంచులు గోడమీద రాసిపెట్టుకోవాలి. అనుమతిలోనే తప్పుందనుకుంటే జాతీయ హరిత ట్రిబ్యునలుకు వెళ్ళవచ్చు, కాని గడువు 30 రోజులే. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వవచ్చు.

చట్టానికి అందని చిన్నపనులూ ఉన్నాయి. ధర్మవరం పట్టుచీరకు పేరు తెచ్చే అద్దకపు రంగునీళ్ళు ఇంటింటా కొద్దికొద్దిగానే పారుతాయి. ఏ ఒక్క ఇంటికీ అంచనా నివేదిక అక్కరలేదు. కాని అన్నీ కలిస్తే ఒక కాలువ. నేతగాడి బ్రతుకు మీద దెబ్బ కొట్టకుండా, ఆ నీటిని ఒకచోట చేర్చి శుద్ధి చేసే బాధ్యత పురపాలక సంఘం, ప్రభుత్వం తీసుకోవాలి. పట్టు గొలుసులో ఏ కొస తెగినా అందరికీ నష్టమే. దుమ్ము పడిన ఆకు తిన్న పురుగు గూడు సరిగా కట్టదు. గూడు లేకపోతే హిందూపురం మార్కెట్టూ లేదు, ధర్మవరం మగ్గమూ లేదు.

అధికారులు చేయవలసింది ఒకటుంది. జిల్లాలో ప్రాజెక్టులకిచ్చిన అనుమతుల షరతులను, ఆరు నెలల నివేదికలను తెలుగులో పంచాయతీలకు పంపాలి. దానికి కొత్త చట్టం అక్కరలేదు, కలెక్టరు ఉత్తర్వు చాలు.

మిగిలినది మన పని. ఈ మే నెలలోనే పుస్తకం తెరవండి. కంపెనీ వచ్చినా రాకపోయినా, మన బావి ఎంత దిగిందో తెలియడం మనకే మంచిది.