ఫుట్‌పాత్ లేని చోట ఫుట్‌పాత్ రోబో

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో డ్రైవర్ లేని బస్సులు మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. 2022 జులైలో అక్కడే ప్రారంభమైన, డ్రైవర్ లేని వాహనాల టీహాన్ పరీక్షా క్షేత్రానికి కేంద్రం పెట్టిన ఖర్చు సుమారు రూ.130 కోట్లు. ఇక సరుకులు మోసే చిన్న రోబోలు పటాన్‌చెరు వీధుల్లోకి రావడమే తరువాయి అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా పటాన్‌చెరు వస్తే, షిఫ్టు దిగిన కార్మికులు లారీల పక్కనే, దుమ్ములో, రోడ్డు అంచు పట్టుకుని నడుస్తుంటారు. మనిషికే దారి లేని చోట యంత్రం దేని మీద నడవాలి? ఈ రోబోలకు ఇక్కడ పని ఉంది. అయితే అది వీధిలో కాదు, ప్రహరీ గోడల లోపల.

డెలివరీ రోబోల వ్యాపారం నిలబడిన చోట్లను చూస్తే సంగతి తెలుస్తుంది. స్కైప్ వ్యవస్థాపకుల్లో ఇద్దరు 2014లో మొదలుపెట్టిన స్టార్‌షిప్ సంస్థ బ్రిటన్‌లో మిల్టన్ కీన్స్‌ను ఎంచుకుంది. కాలిబాటలను కార్ల దారి నుంచి వేరుచేసి కట్టిన ఊరు అది. అమెరికాలోనేమో 2019లో జార్జ్ మేసన్ వర్సిటీతో మొదలుపెట్టి విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లో విస్తరించింది. డబ్బుకు కొదవలేని అమెజాన్, ఫెడెక్స్‌లు మాత్రం ఇలాంటి ప్రయోగాలను 2022లోనే ఆపేశాయి. పైగా అక్కడ ఆదా అయ్యేది ఖరీదైన మనిషి సమయం. మన దగ్గర డెలివరీ కుర్రాడి బండి తనది, పెట్రోలు తనది, కింద పడితే దెబ్బ కూడా తనదే. రోబోను దింపితే కొనుగోలు, చార్జింగ్, మరమ్మతు, దూరం నుంచి కనిపెట్టుకుని ఉండే సిబ్బంది జీతం అన్నీ కంపెనీ లెక్కలోకి వస్తాయి. ఇన్నాళ్లూ కార్మికుడి నెత్తిన వేసిన ఖర్చును ఏ యాప్ సంస్థ కోరి తెచ్చుకుంటుంది?

సెన్సర్ల ధరలు పడిపోతున్నాయి, ఇవాళ్టి లెక్క రేపు నిలవదు అనేవారున్నారు. నిజమే, రోబోకు దారి చూపే లైడార్ సెన్సరు చవకవుతుంది. కానీ దాంతోపాటు కాలిబాట పుట్టుకురాదు. ఉన్న కొద్దిపాటి ఫుట్‌పాత్ మీద తొలి హక్కు ఎవరిదన్న విషయంలోనూ సందేహం అక్కర్లేదు. ఆటంకాల్లేని ఫుట్‌పాత్ పాదచారి జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అంధులకు, వృద్ధులకు అడ్డమవుతాయని 2021లో టొరంటో నగరం ఈ రోబోలను నిషేధించింది. దాన్ని ఛాందసమని కొట్టిపారేయలేం.

ప్రహరీ లోపలి సంగతి వేరు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, పటాన్‌చెరు ఇక్రిశాట్ వంటి ప్రాంగణాలు చిన్నపాటి ఊళ్లు. స్టోర్స్ నుంచి షెడ్డుకు విడిభాగం, ప్లాంటు నుంచి క్వాలిటీ ల్యాబ్‌కు శాంపిల్, పొలం నుంచి ప్రయోగశాలకు మట్టి నమూనా చేరవేయడం అక్కడ నిత్యం ఉండే పని. దారి తెలిసిందే, వేగానికి పరిమితి ఉంటుంది, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో స్పష్టం. షెడ్డు లోపల తమంత తాము కదిలే బండ్లు ఇప్పటికే ఉన్నాయి కదా అనవచ్చు. అవి నున్నటి నేల మీద తిరిగేవి. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య ఎండ, వాన, గుంతలు, ఫోర్క్‌లిఫ్టులు ఉంటాయి, కుక్కలూ ఉంటాయి. టీహాన్ నేర్చుకున్న విద్యకు అక్కరున్నది అక్కడే. ఔషధ కర్మాగారాల్లో మాత్రం మరో గీత గీయాలి. సాల్వెంటు ఆవిర్లు ఉండేచోటికి ఫ్లేమ్‌ప్రూఫ్ కాని బ్యాటరీ బండి పోకూడదు. 2025 జూన్ 30న పాశమైలారం ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడు పదుల సంఖ్యలో కార్మికుల్ని బలిగొన్న ప్రాంతంలో ఈ జాగ్రత్తను అతి అనలేం.

ఉద్యోగాలు పోవా? కొన్ని పోతాయి, ముఖ్యంగా కాంట్రాక్టు హెల్పర్లవి. బదులుగా వచ్చేవీ ఉన్నాయి. స్వయంచాలకమని చెప్పే కివిబాట్ డెలివరీ రోబోలకు కొలంబియాలో కూర్చున్న మనుషులు దారి చూపేవారు. అలాంటి పర్యవేక్షణ, మరమ్మతు పనులను సంగారెడ్డి ఐటీఐ పిల్లలకు నేర్పితే ఆ జీతం ఈ జిల్లాలోనే ఉంటుంది. పారిశ్రామికవాడల్లో పన్ను వసూలు చేసే స్థానిక పాలనా సంస్థలు (ఐలాలు) ఈలోగా గేటు బయట కాలిబాట వేసి, దీపాలు పెట్టవచ్చు. రాత్రి షిఫ్టు దిగి నడిచే కార్మికుడికి అది ఇవాళే కావాలి.